వేలి కణుపు తప్పి ఎముక బయటికొచ్చింది, లోపలికి నెట్టి కుట్టేశారు. ఇది చాలా?

విభాగం: చెన్నై తెలుగువాళ్ళు › ఆరోగ్యం

కొరట్టూరు కుర్రాడు (ఆదివారం, సాయంత్రం 6:50)

అందరికీ నమస్కారం. కాస్త అర్జెంటు. మా తమ్ముడు ఈ మధ్యాహ్నం అంబత్తూరు వైపు ఒక గ్రౌండ్‌లో కార్క్ బాల్ మ్యాచ్ ఆడుతూ క్యాచ్‌కి డైవ్ కొట్టాడు. బంతి కుడి చేతి ఉంగరపు వేలి కొసకు తగిలి వేలు వెనక్కి విరుచుకుపోయింది. నడి కణుపు దగ్గర, అరచేతి వైపు, మడత గీత వెంబడి చర్మం అడ్డంగా చీలింది. అందులోంచి ఎముక గుండు తెల్లగా, నున్నగా బయటికి కనిపించింది. రక్తం పెద్దగా రాలేదు కానీ ఎముకకి మట్టి అంటుకుంది.

టీమ్ వాళ్ళు దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్ళారు. డ్యూటీ డాక్టరు మత్తు సూది వేసి, వేలు లాగి లోపలికి నెట్టి, పైన లోషన్‌తో తుడిచి కుట్లు వేసి పంపించేశారు. ఎక్స్‌రే తీయలేదు, ఆదివారం టెక్నీషియన్ రాడట. టీటీ వేశారు, మాత్రలు రాసిచ్చారు. వేలు చూడ్డానికి తిన్నగానే ఉంది. నాన్న "కుదిరింది కదరా, ఇంకేం కావాలి" అంటున్నారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. ఇంతటితో సరిపోతుందా, ఇంకెక్కడికైనా తీసుకెళ్ళాలా?

పాతకీపర్ (6:58)

బ్రదర్, కీపింగ్ చేసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. నా చిటికెన వేలు చూస్తే నవ్వుతావ్, వంకర టింకర. లాగితే టక్‌మని కూర్చుంటుంది, పక్క వేలికి కలిపి టేప్ వేసుకుంటే ఆట కూడా కొనసాగించొచ్చు. ఐస్ పెట్టు, చెయ్యి ఎత్తి పెట్టుకోమను.

టీనగర్ అత్తయ్య (7:04)

అయ్యో నాయనా. పసుపు అద్దారా లేదా? మా ఇళ్ళల్లో దెబ్బ తగిలితే మొదట పసుపే.

వ్యాసర్పాడి బాబాయ్ (7:09)

రేపు పొద్దున్నే పుత్తూరుకి కారు మాట్లాడుకో అబ్బాయ్. తిరుపతి రోడ్డులో పొద్దున బయల్దేరితే టిఫిన్ టైముకి చేరతావు. మా నాన్నగారి ముంజేయి విరిగితే అక్కడ కోడిగుడ్డు సొన, ఆకుపసరు వేసి వెదురు బద్దలతో కట్టారు. పోయేదాకా ఆ చేత్తోనే బావిలో నీళ్ళు తోడారు. చెన్నైలో సగం మంది తమిళవాళ్ళు కూడా అక్కడికే పోతారు, ఈ వీధిలో ఎవరినడిగినా 'పుత్తూరు కట్టు' అంటారు.

ఎముకల వార్డు (7:16)

కుర్రాడు గారూ, నేను ఆర్థోపెడిక్ డాక్టర్ని. ఈ రాత్రికే తీసుకెళ్ళండి, పొద్దున దాకా ఆగొద్దు. ముందు ఇది చదివి బయల్దేరండి, మిగతా వాదనలు తర్వాత చూసుకుందాం.

చర్మం తెగకుండా కణుపు తప్పితే పాతకీపర్ గారు చెప్పిన ఐస్, టేప్ చాలావరకు సరే. ఇక్కడ చర్మం చీలి కీలు తెరుచుకుంది, మట్టి అంటిన ఎముక కడక్కుండానే లోపలికి పోయింది. అంటే ఆ మట్టి ఇప్పుడు కీల్లో ఉంది, పైన కుట్లతో మూత పెట్టేశారు. కీలు చివర ఉండే మృదులాస్థికి సొంతంగా రక్తనాళాలు ఉండవు. అక్కడ చీము పడితే కొద్ది రోజుల్లోనే అది తినేస్తుంది, పోయింది మళ్ళీ పెరగదు. వేలు తిన్నగా కనిపించడం ఎముక చోటికి వచ్చిందనడానికే గుర్తు, లోపల శుభ్రంగా ఉందని కాదు.

వెళ్ళే ముందు రెండు విషయాలు చూడండి. వేలి కొసకి రెండు పక్కలా పెన్ను మొనతో మెల్లగా తాకి, రెండు వైపులా ఒకేలా తెలుస్తోందా అని అడగండి. మత్తు ఇంకా దిగకపోతే తెలియదు, అదే డాక్టరుకి చెప్పండి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎర్రదనం తిరిగి రావాలి. వేలికి ఉంగరం ఉంటే ఇప్పుడే తీయండి, వాచాక కట్టర్‌తో కోయాల్సి వస్తుంది. ఇక తిండి పెట్టొద్దు, మత్తు ఇవ్వాల్సి రావచ్చు. ఆ నర్సింగ్ హోమ్ చీటీ వెంట తీసుకెళ్ళండి, ఏ మందు ఎప్పుడు ఇచ్చారో అందులో ఉంటుంది.

అత్తయ్య గారూ, పసుపు, కాఫీ పొడి, టూత్‌పేస్టు ఏవీ వద్దమ్మా. తెరుచుకున్న కీల్లో అవీ మట్టితో సమానమే. డెట్టాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా లోపల పొయ్యకూడదు, మృదులాస్థి కణాలు దెబ్బతింటాయి.

కొరట్టూరు కుర్రాడు (7:21)

ఉంగరం తీశాం. మత్తు ఇంకా దిగలేదు. ఎక్కడికి వెళ్ళమంటారు సార్?

ఎముకల వార్డు (7:25)

రాత్రిపూట ఆర్థో గానీ ప్లాస్టిక్ సర్జన్ గానీ డ్యూటీలో ఉండి, ఆపరేషన్ థియేటర్ నడిచే చోటు ఏదైనా పర్లేదు. ప్రైవేటులో ఇన్సూరెన్స్ ఉంటే ముందు ఫోన్ చేసి "చేతి సర్జన్ ఉన్నారా" అని అడిగి వెళ్ళండి. ప్రభుత్వంలో అయితే మీకు కీళ్‌పాక్ ఆసుపత్రి దగ్గర, సెంట్రల్ ఎదుట జనరల్ ఆసుపత్రి కూడా ఉంది. పాత చాకలిపేట వైపు స్టాన్లీలో చేతి గాయాలకే ప్రత్యేక విభాగం ఉంది, వెంకటస్వామి గారు 1970ల్లో మొదలుపెట్టినది. ఫ్యాక్టరీల్లో వేళ్ళు తెగిన కార్మికులు దశాబ్దాలుగా వెళ్ళే చోటు అది. క్యూ ఉంటుంది, ఓపిక పట్టాలి.

క్యాజువాలిటీలో "వేలు బెణికింది" అనకండి. "ఓపెన్ డిస్‌లొకేషన్, కడక్కుండా కుట్టారు, ఎక్స్‌రే లేదు" అని ఈ మాటలే చెప్పండి. లేకపోతే వరసలో వెనక్కి పోతారు.

సిప్‌కాట్ సూపర్‌వైజర్ (7:31)

నాన్నగారికి ఈఎస్ఐ ఉంటే ఆ కార్డు కూడా పట్టుకెళ్ళండి. కొడుక్కి 21 ఏళ్ళ వరకు, చదువుకుంటూ నాన్న మీద ఆధారపడి ఉంటే వర్తిస్తుంది. అయనావరంలోనూ కేకే నగర్‌లోనూ ఈఎస్ఐ ఆసుపత్రులున్నాయి. మా షాప్‌ఫ్లోర్‌లో వేలి దెబ్బలు చూసీ చూసీ నేనొకటి నేర్చుకున్నా: మొదట వెళ్ళిన చోట కాగితం రాయించుకోకపోతే రెండో చోట అందరూ మళ్ళీ మొదటినుంచి అడుగుతారు.

వ్యాసర్పాడి బాబాయ్ (7:40)

డాక్టర్లు ఎప్పుడూ థియేటర్ అనే అంటారు లెండి. బిల్లు కావాలిగా.

ఎముకల వార్డు (7:52)

బాబాయ్ గారూ, పుత్తూరు సంగతి నేను తీసిపారేయడం లేదు. చర్మం తెగకుండా ముంజేయి విరిగితే కదలకుండా బద్ద కట్టడం ఎక్కడైనా చికిత్సే, మేం ప్లాస్టర్‌తో చేసేదీ ఆ పనే. ఇక్కడ కదలకుండా ఉంచడం రెండో పని. మొదటి పని లోపల కడగడం, చచ్చిన కండ, చర్మం ముక్కలు కత్తిరించడం. అది ఏ కట్టుతోనూ కాదు. చర్మం చీలిన కీలు మీద పసరు వేసి బిగించి కడితే ఏమవుతుందో నా కంటే మీకే తెలుసు.

బిల్లు మాట నిజమే, కొన్నిచోట్ల అనవసరంగా పెంచుతారు. కానీ ఈ రాత్రి కడగడానికయ్యే ఖర్చు, చీము పట్టిన కీలుని వారాల తరబడి అడ్మిషన్‌లో ఉంచి పదేపదే కడిగే ఖర్చులో ఏ మూలకి?

పాతకీపర్ (8:05)

సార్, ఒక డౌట్. ఎముక బయటికొచ్చిందని సరిగ్గా చదవకుండా రాసేశా, అది పక్కన పెట్టండి. గ్రౌండ్‌లోనే లాగి కూర్చోబెట్టడం మంచిదా కాదా? మా కోచ్ ఒకాయన రెండు సెకన్లలో సర్దేసేవాడు.

ఎముకల వార్డు (8:30)

చర్మం చీలితే గ్రౌండ్‌లో లాగొద్దు. సెలైన్‌తో, లేకపోతే శుభ్రమైన తాగునీళ్ళతో తడిపిన గుడ్డ కప్పి, కింద పుస్తకమో ప్యాడ్ ముక్కో పెట్టి కట్టి, చెయ్యి పైకెత్తి తీసుకురండి. ఒక్క మినహాయింపు: వేలి కొస తెల్లబడి చల్లబడితే, ఆసుపత్రి గంటల దూరంలో ఉంటే, అప్పుడు నాళం మీద ఒత్తిడి తీసెయ్యడమే ముఖ్యం. చెన్నైలో ఆ పరిస్థితి అరుదు.

చర్మం తెగకపోయినా నేను గ్రౌండ్‌లో లాగనివ్వను, కారణం ఎక్స్‌రే. కొసన ఎముక చెక్క ఊడిందో, కీలు తప్పిందో, ఎముకే విరిగిందో బయటినుంచి పోల్చుకోలేం. నడి కణుపులో అరచేతి వైపు అంచున నలభై శాతం కంటే పెద్ద ముక్క విరిగితే ఎన్నిసార్లు కూర్చోబెట్టినా జారిపోతుంది.

ఇంకోటి, 'లాగడం' అనే పద్ధతే తప్పు చోటికి తీసుకెళ్తుంది. నడి కణుపు వెనక్కి తప్పినప్పుడు పై ఎముక మొదలు కింది ఎముక తల మీద ఎక్కి కూర్చుంటుంది. ఇంకాస్త వెనక్కి వంచి, బొటనవేలితో ఆ మొదలుని ముందుకి తోస్తే జారి చోటికి వస్తుంది. తిన్నగా గుంజితే అరచేతి వైపున్న దళసరి పట్టీ, వోలార్ ప్లేట్ అంటాం, అది తెగి మధ్యలో ఇరుక్కోవచ్చు.

పేరు చెప్పను (9:12)

దీనికి సంబంధం ఉందో లేదో. నా ఫ్రెండ్‌కి ఒక గొడవలో గుద్దినప్పుడు మెటిక మీద చిన్న గాటు పడింది, ఎదుటివాడి పన్ను తగిలి. పెద్దదేం కాదు, బ్యాండ్ ఎయిడ్ వేశాడు. పర్లేదా?

ఎముకల వార్డు (9:15)

పర్లేదు అనలేను. ఆ 'ఫ్రెండ్' ఈ రాత్రే వెళ్ళాలి, నిజంగా ఎలా తగిలిందో డాక్టరుకి చెప్పాలి. పిడికిలి బిగించినప్పుడు పన్ను చర్మం, తాడు (కండని ఎముకకి కలిపేది, టెండన్ అంటాం) దాటి నేరుగా కీల్లోకి దిగుతుంది. పిడికిలి విప్పగానే తాడు వెనక్కి జారి రంధ్రం మూసుకుంటుంది, పైకి చిన్న గాటే మిగులుతుంది. నోటిలో ఐకెనెల్లా అనే సూక్ష్మజీవి ఉంటుంది, మామూలు మాత్రల్లో కొన్నిటికి లొంగదు. మేం అమాక్సిసిలిన్-క్లావులనేట్ ఇస్తాం, గాయం తెరిచి కడుగుతాం, కుట్లు వెయ్యం.

మోడరేటర్ (9:20)

గాయాల ఫొటోలు నేరుగా పెట్టొద్దు, 'చూడ్డానికి నొక్కండి' అనే ట్యాగ్‌లో పెట్టండి. ఆ ఆసుపత్రి పేరు ఎవరూ అడగొద్దు, రాయొద్దు.

కొరట్టూరు కుర్రాడు (సోమవారం, ఉదయం 8:40)

అందరికీ చాలా థాంక్స్. రాత్రి తీసుకెళ్ళాం. ఎక్స్‌రే రెండు పోజుల్లో తీశారు, ముందు నుంచీ పక్క నుంచీ. కణుపు చోటులోనే ఉంది, చిన్న చెక్క ముక్క మాత్రం ఊడింది, దాన్ని ముట్టుకోనక్కర్లేదన్నారు. సెఫాజోలిన్ అనే యాంటీబయాటిక్ సెలైన్‌లో ఇచ్చి, చేతికి మాత్రమే మత్తిచ్చి థియేటర్‌లోకి తీసుకెళ్ళారు.

బయటికొచ్చాక సర్జన్ ఫోన్‌లో ఒక ఫొటో చూపించారు. పాత కుట్లు విప్పగానే తీసినదట. చీలిక పెదవి కింద, తెల్లటి తాడు పక్కన, గోధుమ రంగు మట్టి గీతలా పేరుకుని ఉంది. దాంట్లో గడ్డి పోచ ముక్క, బియ్యపు గింజంత కూడా లేదు. సెలైన్ సంచులు వేలాడదీసి ధారగా పోసి కడిగారట. నాన్న ఆ ఫొటో చూసి మాట్లాడలేదు, కాంటీన్‌కెళ్ళి టీ తెచ్చిచ్చారు.

వోలార్ ప్లేట్ చిరిగితే కుట్టారు. ఒక పక్క నరం కమిలింది కానీ తెగలేదు, స్పర్శ మెల్లగా వస్తుందన్నారు. చర్మం వదులుగా మూసి, వేలి వెనక వైపు వంపు తిరిగిన స్ప్లింట్ పెట్టారు. సందేహం: పూర్తిగా చాపి కాకుండా వంచి ఎందుకు కట్టారు?

ఎముకల వార్డు (9:30)

మంచి చేతుల్లో పడ్డారు. వెనక్కి తప్పిన కణుపు పూర్తిగా చాచితే మళ్ళీ అదే దారిన జారుతుంది, కుట్టిన పట్టీ కూడా తెగుతుంది. అందుకే ఇరవై ముప్పై డిగ్రీలు వంచి, వెనక అడ్డం పెడతారు. చాపడం ఆగుతుంది, ముడవడం ఆగదు. ఆ అడ్డాన్ని వారవారం కొంచెం తగ్గిస్తూ మూడు వారాలకి తిన్నగా తెస్తారు. నిలకడ లేని కొన్ని కేసుల్లో కీలు గుండా సన్న తీగ పెట్టి ఆపుతారు, మీకు దాని అవసరం పడలేదు.

అరుదుగా ముందుకి, అరచేతి వైపుకి తప్పే రకం ఉంది. దాంట్లో వెనక తాడు మధ్య పోగు తెగుతుంది, అప్పుడు పూర్తిగా చాపే ఉంచాలి, ఆరు వారాల దాకా. ఒకే కణుపు, రెండు రకాలకీ కట్టు సరిగ్గా తలకిందులు. అందుకే ఎవరో యూట్యూబ్‌లో చూపిన స్ప్లింట్ మీకు పనికిరాకపోవచ్చు.

తిరువాన్మియూర్ జీపీ (10:02)

డాక్టర్ గారూ, నేను ఫ్యామిలీ డాక్టర్ని, క్లినిక్‌లో ఇలాంటివి అప్పుడప్పుడూ వస్తాయి. రెండు అడగాలి. ఒకటి, గోటి దగ్గరి చివరి కణుపు ఇలా చీలితే అదీ థియేటర్‌కేనా? రెండు, వేలి మత్తులో అడ్రినలిన్ కలపకూడదని మాకు చదువులోనే గట్టిగా నూరిపోశారు. ఇప్పుడు మీవాళ్ళు కలుపుతున్నారని విన్నా.

ఎముకల వార్డు (10:45)

చివరి కణుపు దగ్గర చర్మం ఎముకకి గట్టిగా అతుక్కుని ఉంటుంది, సాగే చోటు లేదు. అందుకే అక్కడ కీలు తప్పితే చర్మం చీలడం ఎక్కువ. గాయం తాజాగా, శుభ్రంగా ఉండి, తాడు, నరం బాగుంటే, వేలి మొదట్లో మత్తిచ్చి క్యాజువాలిటీలోనే ధారాళంగా కడిగి, కూర్చోబెట్టి, ఎక్స్‌రే తీసి, యాంటీబయాటిక్ మీద పంపేవాళ్ళు ఉన్నారు. నాకూ అభ్యంతరం లేదు, కడగడం నిజంగా కడగడమై ఉండాలి, గాజుగుడ్డతో తుడవడం కాదు. నడి కణుపు, మెటిక కీలు అయితే నేను థియేటర్‌కే ఓటేస్తా. అక్కడ చీలిక కింద రెండు పక్కలా నరాలు, నాళాలు ఉంటాయి, మంచి లైటు, టోర్నికే (రక్తం ఆపే బిగింపు పట్టీ) లేకుండా చూడటం కష్టం.

అడ్రినలిన్ నాళాలు ముడిచి వేలికి రక్తం ఆపేస్తుందన్న పాత భయం ఎక్కువగా పాత మందులది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వేళ్ళు నల్లబడ్డ కేసుల్లో ఎక్కువ వాటిలో ప్రొకేయిన్, కొకేయిన్ వాడారు, పాడైన ప్రొకేయిన్ బాగా ఆమ్లంగా మారేది. కెనడాలో లలోండే బృందం 2005లో 3,110 కేసులు వరసగా చూసి ప్రచురించింది. అడ్రినలిన్ వాడిన ఆ వేళ్ళలో ఒక్కటి కూడా చచ్చిపోలేదు. తెల్లబడితే విరుగుడుగా ఫెంటోలమైన్ ఉంది. అయినా అప్పటికే రక్తం సరిగ్గా అందని వేలికి, నలిగిన వేలికి నేను వాడను.

వేలికి మాత్రమే మత్తిచ్చే ఈ పద్ధతిలో నాకు నచ్చే లాభం వేరే ఉంది. పేషెంటు మెలకువగా ఉంటాడు కాబట్టి టేబుల్ మీదే "ముడువు, చాపు" అంటే తనే కదిలిస్తాడు. ఎంత చాచేసరికి కీలు జారుతుందో కళ్ళెదుటే కనిపిస్తుంది, స్ప్లింట్ ఆ డిగ్రీకి ముందు ఆపితే చాలు.

మైలాపూర్ మృదంగం (మధ్యాహ్నం 1:15)

ఈ థ్రెడ్ మొత్తం చదివా. నాదీ కొంచెం దగ్గరి కథే. బండి జారి చెయ్యి ఆనించి పడితే ఎడమ చూపుడు వేలు మొదట్లో, అంటే మెటిక దగ్గర, తప్పింది. చర్మం పెద్దగా చీలలేదు, గీరుకుంది. ఒక చోట ఇద్దరు పట్టుకుని గుంజారు, రాలేదు, మళ్ళీ గుంజారు. అరచేతిలో చిన్న గుంట పడింది, అప్పటిదాకా లేదు. ఇంకో ఆసుపత్రిలో వాళ్ళు ఆ గుంట చూడగానే "ఎవరూ లాగొద్దు" అని ఆపరేషన్ చేశారు. ఎందుకు లాగొద్దన్నారో ఆ కంగారులో అడగలేదు. మార్గళి కచేరీల సీజన్‌లోపు తొప్పి వైపు, అంటే మృదంగం ఎడమ వైపు, కొట్టగలనా అన్నదే నా బెంగ.

ఎముకల వార్డు (2:20)

అక్కా, మీ వేలు పుస్తకాల్లో ఉండే కేసు. 1957లో కప్లాన్ అనే ఆయన దీన్ని వివరంగా రాశాడు. చూపుడు వేలు మొదటి కీలు వెనక్కి తప్పినప్పుడు అరచేతి ఎముక తల ముందుకి దూరి రెండు తాళ్ళ మధ్య ఇరుక్కుంటుంది. ఒక పక్క ముడిచే తాళ్ళు, ఇంకో పక్క లంబ్రికల్ అనే చిన్న కండ. చొక్కా బొత్తాం కాజాలో పడ్డట్టు అనుకోండి, గుంజే కొద్దీ కాజా బిగుస్తుంది. పైగా వోలార్ ప్లేట్ కీలు మధ్యలో అడ్డం పడి ఉంటుంది. ఆ గుంట ఎందుకంటే, అరచేతి చర్మాన్ని లోపలికి కట్టి ఉంచే పోగులు లాగబడతాయి. ఎక్స్‌రేలో కీలు సందు వెడల్పుగా, కొన్నిసార్లు సెసమాయిడ్ అనే గింజంత ఎముక అందులో ఇరుక్కుని కనిపిస్తుంది. అది కనిపిస్తే ఇంక లాగే ప్రశ్నే లేదు.

ఈ కీలు మామూలుగా తప్పినప్పుడు కూడా తిన్నగా గుంజకూడదు. మణికట్టు వంచి తాళ్ళు వదులు చేసి, వేలి ఎముక మొదలుని తోయాలి. గుంజడం వల్లే సులువైనది కూడా చిక్కుపడిపోతుంది.

ఇదే కీలు అరచేతి వైపు చర్మం చీల్చుకుని వస్తే సర్జన్‌కి ఇంకో జాగ్రత్త. ఎముక తల నరాన్ని పైకి ఎత్తేసి, చర్మం కిందే తీగలా బిగించి ఉంచుతుంది. చీలిక పెంచడానికి కత్తి పెట్టగానే అది తెగొచ్చు. ఈ భయంతోనే కొందరు వెనక నుంచి తెరిచి, ప్లేట్‌ని నిలువుగా చీల్చి సర్దుతారు. తెరిచిన గాయం ముందుంటే అక్కణ్ణుంచే వెళ్ళాల్సి వస్తుంది, అప్పుడు నరం ముందు కనిపెట్టి పక్కకు పెట్టి, తర్వాతే మిగతాది.

తొప్పి గురించి నేను మాట ఇవ్వను. మీ ఫిజియో చెప్పే వరకు దరువు పడనివ్వకండి.

ఫిజియో అక్క (4:10)

నేను చేతి థెరపీ చేస్తాను, వేలికి ఆపరేషన్ అయ్యాక మా దగ్గరికొచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆలస్యంగా వస్తారు. కట్టు తీయగానే వేలు కర్రలా ఉంది అని ఏడుస్తారు. నడి కణుపు శరీరంలో అన్నిటికంటే త్వరగా బిగుసుకునే కీళ్ళలో ఒకటి, చేతికొచ్చే బిగువుల్లో మేం ఎక్కువగా పోరాడేది దాంతోనే. సర్జన్ ఒప్పుకున్న రోజునుంచే స్ప్లింట్ లోపల ముడవడం మొదలుపెట్టాలి. కుర్రాడు గారి తమ్ముడికి చెప్పేది: వెనక అడ్డం ఉంది కాబట్టి ముడిచి మళ్ళీ అడ్డం తగిలేదాకా వదలడం, అంతే. చాపడానికి ఎడమ చేత్తో ఒత్తకూడదు. గోటి కణుపు మాత్రం విడిగా కదపాలి, లేకపోతే అదీ బిగుస్తుంది.

పక్క వేలు కట్టేటప్పుడు ఉంగరపు వేలిని నడిమి వేలితో జత చేస్తాం, మధ్యలో పలచటి గాజుగుడ్డ పెట్టి. లేకపోతే చెమటకి చర్మం నానుతుంది, చెన్నై ఎండలో మరీను. టేప్ కణుపు మీద కాదు, కణుపుకి పైనా కిందా.

గాయం మానాక గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, కోబాన్ అనే సాగే పట్టీ కొస నుంచి మొదటికి చుడితే వాపు తగ్గుతుంది. వాపు మొత్తం దిగడానికి చాలామందికి ఆరు నెలలు, కొందరికి ఏడాది. కణుపు కాస్త లావుగానే మిగిలిపోతుంది, కంగారు పడొద్దు. తిన్నగా చాపలేకపోతే రాత్రిపూట వేసుకునే స్ప్లింట్ ఇస్తాం, ఒక్కోసారి నెలల పాటు.

మృదంగం మేడం, మీకు మొదటి కీలు కాబట్టి కథ వేరు. ఆ కీలు వంగి ఉంటే లిగమెంట్లు చాచుకుని ఉంటాయి, తిన్నగా ఉంటే కుంచించుకుపోతాయి. అందుకే దాన్ని డెబ్బై ఎనభై డిగ్రీలు వంచే ఉంచాలి, మిగతా రెండు కణుపులూ చాపి. మీ స్ప్లింట్ అలా ఉందా? తిన్నగా చెక్కలా కట్టి ఉంటే ఇప్పుడే సర్జన్‌కి ఫోన్ చెయ్యండి. తొప్పి సంగతి నాకు డైరెక్ట్ మెసేజ్ పెట్టండి, ఏ వేలితో ఎలా వాయిస్తారో చూపించాలి.

మైలాపూర్ మృదంగం (4:31)

వంచే ఉంది మేడం, హమ్మయ్య. మెసేజ్ పెడుతున్నా.

తొండియార్‌పేట అన్న (5:05)

ఆ మొదటి నర్సింగ్ హోమ్ మీద కంప్లయింట్ ఇవ్వాలి తమ్ముడూ. ఊరికే వదిలితే రేపు ఇంకొకడికి ఇలాగే చేస్తారు.

సిప్‌కాట్ సూపర్‌వైజర్ (5:20)

కంప్లయింట్ కంటే ముందు కాగితాలు. మొదటి చీటీ, రెండో చోట ఎక్స్‌రే, థియేటర్ నోట్, బిల్లు, అన్నీ ఫైల్‌లో. పోరాడాలనిపిస్తే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి రెండేళ్ళలోపు వెళ్ళొచ్చు. కానీ పిల్లాడు కోలుకుంటుంటే సగం మంది ఆ పని చెయ్యరు, అనుభవం మీద చెబుతున్నా. బండి ప్రమాదంలో దెబ్బ తగిలినవాళ్ళకైతే తమిళనాడులో 'ఇన్నుయిర్ కాప్పోం' పథకం ఉంది, మొదటి 48 గంటల చికిత్స ఉచితం, ఏ రాష్ట్రం వాళ్ళైనా సరే. 2021 డిసెంబర్ నుంచి నడుస్తోంది. మైదానంలో ఆటకి అది వర్తించదు.

టీనగర్ అత్తయ్య (6:15)

నా పసుపు మాట మీద అంత కోపమెందుకమ్మా అందరికీ. సరే, వెయ్యను. వాడికి ఏం పెట్టొచ్చో అయినా చెప్పండి, గుడ్డు పెట్టొచ్చా, పథ్యం ఏమైనా ఉందా?

ఫిజియో అక్క (6:22)

పథ్యం లేదత్తయ్యా. గుడ్డు, పప్పు, పెరుగు అన్నీ పెట్టండి, గాయం మానడానికి ప్రొటీన్ కావాలి. సిగరెట్ మాత్రం ముట్టుకోనివ్వొద్దు, వేలి చిన్న నాళాలు ముడుచుకుంటాయి.

కొరట్టూరు కుర్రాడు (బుధవారం, రాత్రి 9:30)

ఈ రోజు డ్రెస్సింగ్ మార్చారు. చీము లేదు, వాపు ఉంది, జ్వరం లేదు. యాంటీబయాటిక్ మాత్రల్లోకి మార్చి ఇంటికి పంపారు. ఏం కనిపిస్తే వెంటనే రావాలో సర్జన్ రాసిచ్చారు: వేలంతా ఎర్రగా ఉబ్బడం, తట్టుకోలేని నొప్పి, ముట్టుకోకుండానే కొట్టుకోవడం, జ్వరం, కుట్ల నుంచి నీరు. వచ్చే నెల పరీక్షలున్నాయి, కుడి చెయ్యి. రాయగలడా? ఇంకా, వాడేమో ఇప్పుడే మ్యాచ్ ఎప్పుడంటున్నాడు.

ఫిజియో అక్క (9:48)

పెన్ను పట్టేది బొటనవేలు, చూపుడు, నడిమి వేళ్ళు కదా. ఉంగరపు వేలు స్ప్లింట్‌లో ఉన్నా చాలామంది రాస్తారు. కాకపోతే చెయ్యి కింద ఆనించే భంగిమ మారుతుంది, వేగం తగ్గుతుంది. లావు గ్రిప్ పెన్ను కొనివ్వండి, ఈ వారమే రోజూ ఓ పేజీ రాయించండి. కాలేజీకి మెడికల్ సర్టిఫికెట్‌తో అదనపు సమయం కోసం ఇప్పుడే లెటర్ పెట్టండి, పరీక్ష ముందు రోజు పెడితే తీసుకోరు.

పాతకీపర్ (10:05)

మ్యాచ్ మాట సార్‌ని అడగండి, నేను చెప్పను ఈసారి.

ఎముకల వార్డు (10:40)

బరువు పనికి, బంతి పట్టడానికి నేను సాధారణంగా మూడు నెలలు ఆపుతా. వేలు దాదాపు పూర్తిగా ముడవాలి, రెండో చేతి పట్టులో కనీసం ముప్పాతిక వంతు రావాలి, పక్కలకి నొక్కితే నొప్పి ఉండకూడదు. ముందు టెన్నిస్ బాల్‌తో దగ్గర నుంచి, తర్వాత కార్క్. మొదటి సీజన్ అంతా నడిమి వేలితో కలిపి టేప్. బ్యాటింగ్ గ్లవ్ లోపల ఆ టేప్‌తో చెయ్యి పడుతుందో లేదో ముందే ఒకసారి చూసుకోమనండి, చాలామందికి ఒక సైజు పెద్దది కొనాల్సి వస్తుంది.